ఇంటిల్లిపాదీ వెళ్ళిన పరామర్శ

మేం కౌలాలంపూర్ నుంచి తిరిగొచ్చాక మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా రత్నం ఎలా ఉందని మొదట అడగలేదు. అక్కడ ఆ జంట మేడలు చూశారా, విమానంలో భోజనం పెట్టారా, మనం తినే కూరలు దొరుకుతాయా, చాక్లెట్లు తెచ్చారా, ఇవీ ప్రశ్నలు. మా ఎదురింటావిడైతే గుమ్మంలోనే నిలబడి నన్ను కింద నుంచి పైదాకా చూసి "రంగు తేలారండీ, అక్కడి నీళ్ళు పడినట్టున్నాయి" అంది. ఆస్పత్రి వరండాలో కుర్చీకి అతుక్కుపోయి వచ్చినదాన్ని నేను. రంగు తేలడానికి పురిటికి గానీ వెళ్ళొచ్చానా? రత్నం గుండెకి ఆపరేషనైన సంగతి ఈ నర్సీపట్నంలో తెలియనివాళ్ళు లేరు. తెలిసిన మరుక్షణం ఫోన్లో దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు రెండేసీ మూడేసీ పంపారు కూడాను. బొమ్మ పంపేశాక ఇంక మనిషిని అడగడానికేముంది, రుణం తీరిపోయింది. ఆ బొమ్మ కూడా వేలితో నొక్కితే వెళ్ళేదే గాని, రెండు చేతులెత్తి పెట్టిన దణ్ణం కాదు.

రత్నం అంటే నూకరత్నం. చిన్నప్పుడు మా పక్కింటి పిల్ల, ఇప్పుడు రెండు వీధుల అవతల ఒక్కతీ ఉంటుంది. డివిజను ఆఫీసులో పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "చూడ్డానికొచ్చినోళ్ళందరూ మగోళ్ళేనండీ, ఏటి సెయ్యమంటారు" అంటుంది. మా ఇద్దరికీ స్నేహమని చెబితే కొత్తవాళ్ళు నమ్మరు. రోజూ పొద్దున్నే అది ఫోన్ చేసి "బతికే ఉన్నావేటే" అంటుంది. నేను "నిన్ను సాగనంపకుండా ఎలా పోతానే" అంటాను. అదే మా పలకరింపు. తర్వాత కూరగాయల ధరల దగ్గర మొదలుపెట్టి ఒకళ్ళ వంటని ఒకళ్ళం, ఒకళ్ళ చుట్టాలని ఒకళ్ళం దులిపేసుకుని, కాఫీ చల్లారిపోయిందని తిట్టుకుని ఫోన్ పెట్టేస్తాం.

అలాంటిది రిటైరైనవాళ్ళ బృందమొకటి మలేషియా, సింగపూరు యాత్రకి వెళుతుంటే తనూ బయల్దేరింది. గుహలో ఉన్న సుబ్రహ్మణ్యస్వామిని చూడ్డానికి మెట్లెక్కుతూ సగంలో గుండె పట్టుకుని కూర్చుండిపోయిందట. ఆస్పత్రిలో చేర్పించారు. మర్నాడు ఆ బృందమంతా సింగపూరు వెళ్ళిపోయింది. "టిక్కెట్లు ముందే బుక్కయిపోయాయి కదండీ, మేమేం చేస్తాం" అని తర్వాత నాతోనే అన్నారు, సిగ్గూ శరమూ లేకుండా. వెళ్ళేముందు రెండు ఆపిల్ పళ్ళు దాని మంచం పక్కన పెట్టి, అది ఇంటి నుంచి చేసుకు తీసుకెళ్ళిన జంతికల డబ్బా పట్టుకుపోయారు. గుండెజబ్బు మనిషి నూనె వస్తువులు తినకూడదట. ఆ జంతికలు నములుతూ సింగపూరు బస్సులోంచి "బేగి కోలుకోవాలి రత్నంగారూ" అని పూలగుత్తి బొమ్మ పంపారు. ఇన్సూరెన్సు ఉంది గనక డబ్బుకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మనిషికే. తమ్ముడొకడున్నాడు మాకవరపాలెంలో, వాడికి పాస్‌పోర్టు లేదు.

ఫోన్ నాకు చేసింది. "వరాలూ, నా గుండెలో గొట్టాలు మూసుకుపోయినాయంట. కొయ్యాలంటన్నారు. సెప్పింది సగం అర్థమైంది, సగం అవలేదు. నువ్వొకసారి వస్తావేటే?" అంది. ఇన్నేళ్ళలో రత్నం నన్ను అడిగిన గొంతు నేను వినలేదు, తిట్టిన గొంతే విన్నాను. 

వెళ్ళడానికి పాస్‌పోర్టులున్నాయి. నిరుడు కోడలు స్వాతి పట్టుబట్టి అందరికీ చేయించింది, ఏదో సముద్రం చూపిస్తానని. మనకి విశాఖలో సముద్రం లేనట్టు. విశాఖలో ఉద్యోగం చేసే మా అబ్బాయి కిరణ్‌కి చెబితే వాడు "ఫ్యామిలీ అంతా వెళదాం అమ్మా, ఈ టైంలో ఆంటీకి ఎమోషనల్ సపోర్ట్ కావాలి" అన్నాడు. మా కాలంలో సపోర్టంటే అరటిగెల బరువుకి చెట్టు వాలిపోకుండా పెట్టే వెదురుగెడ. ఇప్పుడు మనుషులకి కూడా గెడలు పెడుతున్నారన్నమాట. "అందరం వద్దురా. నేనూ, మాటాడ్డానికి స్వాతీ వెళతాం చాలు" అన్నాను. స్వాతి వెళితే వాడూ వస్తానన్నాడు. ముగ్గురం వెళితే మా ఆయనకి ఇన్సులిన్ ఎవరు పొడుస్తారని ప్రశ్న. ఆయన్ని కూడా రమ్మన్నారు. నేను మొత్తుకుంటూనే ఉన్నాను. "ఎందుకత్తయ్యా వద్దంటున్నారు, ఎంతమంది కనిపిస్తే అంత ధైర్యం కదా" అంది స్వాతి. ధైర్యమట. ఎందుకు వద్దన్నానో వాళ్ళకి చెప్పాలంటే రత్నం వాళ్ళ నాన్న సన్యాసి మేష్టారి సంగతంతా చెప్పాలి. విమానం ఎక్కే హడావుడిలో అది ఎవడు వింటాడు?

బలిఘట్టం వెళ్ళేదారిలో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఇటువైపు తాలూకాఫీసు గుమాస్తా అయిన మా నాన్న, అటువైపు ఎలిమెంటరీ స్కూలు సన్యాసి మేష్టారు. మా స్నానాలగది నీళ్ళు గోడకింద తూములోంచి వాళ్ళ పెరట్లోకి పోయేవి. ఆ తూము మా ఇంటికన్నా ముందే ఉందని మా నాన్న, తన పెరడు తూముకన్నా ముందే ఉందని మేష్టారు. రోజూ తెల్లవారేసరికి మా నాన్న వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఇటూ, మేష్టారు కచ్చికపొడి అరచేతిలో పోసుకుని అటూ నిలబడేవారు. పళ్ళు తోముకున్నంతసేపూ తిట్టుకునేవారు. "ఏమండీ గుమాస్తా గారూ, మీ సబ్బునీళ్ళకి నా అరిటిపిలక చచ్చిపోయిందండీ" అని ఆయన. "మేష్టారూ, మీరు రోజూ దాని ముందు నిలబడి తిడుతుంటే చావక ఏం చేస్తుందండీ" అని ఈయన. గారులూ అండీలూ ఎక్కడా తప్పేవి కావు. ఉమ్మినంత ఉమ్మి, తిట్టినంత తిట్టుకుని, నోళ్ళు పుక్కిలించి ఎవరి దారిన వారు స్నానానికి వెళ్ళేవారు. ఒకరోజు మేష్టారు గోడ దగ్గరకి రాకపోతే మా నాన్నకి ఆ పూటంతా ఏమీ తోచేది కాదు. ఆఫీసుకి వెళుతూ "బతికున్నారా మేష్టారూ" అని వీధిలోంచి కేకేసేవాడు.

ఎండాకాలమొస్తే వాళ్ళ తోటలోంచి జీడిపిక్కల బస్తాలు దిగేవి. మేష్టారి భార్య పెరట్లో చిల్లుల మూకుడు పెట్టి కాల్చేది. ఆ నల్లటి పొగ మా వంటింట్లోకి వచ్చి కళ్ళు మండించేది, ఆరేసిన బట్టలకి పట్టేది. మా అమ్మ చీరచెంగు ముక్కుకి కట్టుకుని "కొంపలంటించీస్తన్నారా ఏటమ్మా" అని అరిచేది. అరిచిన అరగంటకి గోడమీద నుంచి వేడివేడి జీడిపప్పు గిన్నె వచ్చేది. అమ్మ దాన్ని అందుకుని "సగం మాడ్చీసినావు" అని వంకపెట్టి, అదే గిన్నెలో మాగాయో, చిక్కుడుకాయ కూరో వేసి ఇచ్చేది. ఆవిడ "ఉప్పు కషాయం" అని ముఖం చిట్లించేది. ఖాళీ గిన్నె ఏనాడూ గోడ దాటలేదు, మెచ్చుకోలు కూడా దాటలేదు. నేనూ రత్నం ఆ గోడకి చెరోవైపు ఎక్కి కూర్చుని పెద్దవాళ్ళ తిట్లు అప్పజెప్పుకునేవాళ్ళం. మాకు మాటలొచ్చిందే ఆ బడిలో.

ఇలా రాస్తుంటే చదివేవాళ్ళు అప్పుడే నిట్టూర్పులు మొదలుపెట్టి ఉంటారు, ఆ రోజుల్లో మనుషులు ఎంత మంచివాళ్ళో అని. ఆ నిట్టూర్పు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మనుషులు రోగి దగ్గరకి పరామర్శకి వెళ్ళడం మీరు చూడలేదు. ఎవరైనా ఆస్పత్రిలో పడ్డారంటే చాలు, సంచిలో నాలుగు బత్తాయిలూ, ఒక బన్ను రొట్టే వేసుకుని బయల్దేరేవారు. మంచం మీద, రోగి కాళ్ళ దగ్గర చతికిలబడి "మా తోటికోడలి అన్నగారికీ అచ్చం ఇలాగే మొదలైందమ్మా" అని ఎత్తుకునేవారు. ఆ అన్నగారు ఏమయ్యాడో చెప్పాల్సిన పనేలేదు. వెళ్ళని ఇంటితో జీవితాంతం మాటలుండేవి కావు. "మా అత్త మంచాన పడితే తొంగిచూడలేదు" అన్న నేరం పెళ్ళి సంబంధాల దాకా పోయేది. మంచితనం కాదు అది, హాజరు. బళ్ళో మేష్టారికి పిల్లలు పలికినట్టు పలికిరావడం.

కాకపోతే ఆ హాజరుకి కూడా ఒక పద్ధతుండేది. రోగి దగ్గరకి ఇద్దరికి మించి వెళ్ళేవారు కారు. ఇవాళ నాన్నా మావయ్యా వెళితే, రేపు అమ్మా ఎదురింటావిడా. వంతులవారీ. ఇంటిల్లిపాదీ ఒక్కసారే మంచం చుట్టూ చేరారంటే దానికి ఒకటే అర్థం, అది చివరిచూపు. డాక్టరు పెదవి విరిచాక, వెళ్ళిపోయే మనిషికి అందరినీ ఒకమారు చూపించేస్తారన్నమాట. దానికి ఇంకో నియమం జత. పోయేమనిషిని ఎవరూ మాట అనరు. ఏళ్ళ తరబడి తిట్టిపోసిన కోడలు కూడా ఆ పూట వచ్చి అత్తగారి కాళ్ళు ఒత్తుతుంది. "నీ అంత మంచిది లేదు" అంటుంది. నియమాలు ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. రోగికి మరీ బాగా తెలుసు.

మేష్టారికి కడుపులో గడ్డ లేచింది. విశాఖ తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో పెట్టారు. మా నాన్న వంతు ప్రకారం బస్సెక్కి వెళ్ళొచ్చేవాడు. వచ్చి "మేష్టారికి ఇంకా నోరు బాగానే ఉందిలే, అక్కడి నుంచి కూడా తూము గురించే" అని అమ్మతో నవ్వుతూ చెప్పేవాడు. ఒకరోజు వచ్చి ఏమీ చెప్పలేదు. మర్నాడు జీపు మాట్లాడాడు. మా ఇంట్లోవాళ్ళనీ, మేష్టారి భార్యనీ, రత్నాన్నీ, పసివాడైన దాని తమ్ముణ్ణీ అందులో కుక్కాడు.  జీపులో దారంతా రత్నం "మా నాన్నకి ఆపరేషనైపోయింది, ఇంటికి తెచ్చీస్తాం" అని నా చెవిలో చెబుతూనే ఉంది. వార్డులో ఫినాయిలు వాసనా, గంజి వాసనా కలిసి గుప్పుమన్నాయి. మేష్టారు దిండుకి ఆనుకుని కూర్చునున్నారు. పక్కమంచం మనిషితో ఏదో వాదిస్తున్నారు. మనిషి చిక్కారు గాని కళ్ళలో ఆ గోడదగ్గర కళే ఉంది. మేమందరం వరసగా గుమ్మంలోంచి లోపలికొచ్చాం. ఆయన వాదన ఆగిపోయింది. ఒక్కొక్కళ్ళనీ చూశారు. మా నాన్న మంచం దగ్గరకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని "మేష్టారూ, ఆ తూము నేను మూయించేస్తున్నానండీ. మీ మాటే న్యాయం" అన్నాడు.

మేష్టారు చాలాసేపు మా నాన్న ముఖంలోకి చూశారు. "అయితే అయిపోయిందన్నమాట గుమాస్తా గారూ" అన్నారు. అని, గోడవైపు తిరిగి పడుకున్నారు. తర్వాత ఎవరు పిలిచినా తిరగలేదు, పెట్టింది తినలేదు. రెండోనాటికి పోయారు.

ఆయన కడుపులోది ఎలాగూ బతకనిచ్చే జబ్బు కాదని పెద్దయ్యాక నాకు తెలిసింది. రత్నానికీ తెలుసు. కానీ ఆ రోజుల్లో అది గోడెక్కి నాతో అన్న మాట వేరు. "మీరందరూ రాకపోతే మా నాన్న పోయీవోడు కాదే. కూర్చుని మాటాడతన్న మనిషిని మీరొచ్చి సంపీసినారు" అంది. ఆ ఏడు వానలు పడి వెలిసేదాకా నాతో మాట్లాడలేదు.  మా నాన్న ఎవరూ అడక్కుండానే తూము మూయించాడు. మా స్నానం నీళ్ళు వీధిలోకి పారాయి. పొద్దున్నే గోడ దగ్గర ఒక్కడే నిలబడి పళ్ళు తోముకునేవాడు.

ఇదంతా స్వాతికి విమానంలో చెప్పబోయాను. "మామ్మల కాలం నమ్మకాలత్తయ్యా" అని చెవుల్లో పాటలు పెట్టుకుంది. విశాఖలో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి అక్కడున్నాం. మా నాన్న మేష్టారిని చూడ్డానికి పట్టిన బస్సు ప్రయాణం కన్నా ఏమంత ఎక్కువ కాదు. దూరాలు తగ్గాయి, నిజమే. బుర్రలు కూడా తగ్గాయి. ఆస్పత్రి ముందు టాక్సీ దిగుతూనే నేను గట్టిగా చెప్పాను, మీ ముగ్గురూ కింద కూర్చోండి, ముందు నేనొక్కదాన్నీ వెళతానని. అందరూ తలూపారు. నేను మూత్రశాలకి వెళ్ళి వచ్చేసరికి స్వాతి ఆ ఆస్పత్రిలోనే ఉన్న కొట్లో పూలగుత్తీ, 'గెట్ వెల్' అని రాసిన గాలిబుడగా కొంది. "సర్‌ప్రైజ్ ఇద్దాం" అని ముందు నడిచింది. గుండె జబ్బు మనిషికి సర్‌ప్రైజ్! చదువుకున్న పిల్ల.

అలా నలుగురం ఒక్కసారే గుమ్మంలోంచి వెళ్ళాం. రత్నం దిండుకి ఆనుకుని కూర్చునుంది. నర్సమ్మకి ఏదో పాఠం చెబుతోంది. ఆ నర్సమ్మ ముత్తాతలు ఎప్పుడో మనవైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళట, తెలుగు బాగానే మాట్లాడుతుంది. మమ్మల్ని చూడగానే రత్నం మాట ఆగిపోయింది. ఒక్కొక్కళ్ళనీ చూసింది. "అందరూ వచ్చీసినారా" అంది, మెల్లిగా.  కిరణ్ వంగి "ఆంటీ, మీరు చాలా స్ట్రాంగ్. వియ్ ఆల్ లవ్ యూ" అన్నాడు. స్వాతి కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు నిమిరింది. ఇక మా ఆయన. రత్నం పేరెత్తితే చాలు "వచ్చిందా తుపాను" అనే మనిషి. ఏనాడూ ఒక మంచిమాట అనని నోటితో "రత్నం గారూ, మీరు మా ఇంటి మనిషండీ" అన్నారు. అంతే. దాని కళ్ళలో దీపం ఆరిపోవడం నేను చూశాను.

"అమ్మా, నాకీ ఆపరేషను వద్దు. నన్ను మా ఊరు పంపించీండి" అంది నర్సమ్మతో.

డాక్టరు వచ్చి వివరంగా చెప్పాడు. విమానం ఎక్కించడానికి లేదు, దారిలోనే ప్రాణం పోవచ్చు. ఆపరేషన్ రేపు పొద్దున్న చేసెయ్యాలి, చేస్తే బతుకుతుంది, ఆవిడ ఒప్పుకుంటేనే చేస్తాం అన్నాడు. స్వాతి ఆ మాటలన్నీ తెలుగులో విడమరచి చెప్పింది. రత్నం తల అడ్డంగా ఊపింది. మధ్యాహ్నం దాకా మావాళ్ళు బతిమాలారు. ఎంత తియ్యగా బతిమాలితే దానికి అంత నమ్మకం కుదిరింది. "అందరూ ఇంత ప్రేమగా మాటాడతన్నారంటే ఇంకేటి మిగిలింది బాబూ" అని కిరణ్‌తో అంది. వాడికి అర్థం కాక ఇంకాస్త ప్రేమగా మాట్లాడాడు. నేను వాళ్ళని పక్కకి పిలిచి "మీ ముగ్గురూ వెళ్ళి ఆ జంట మేడలు చూసి రండి, నేను పిలిచేదాకా రాకండి" అని తరిమేశాను. కాబట్టి మా వీధివాళ్ళకి జవాబు దొరికింది, మావాళ్ళు మేడలు చూశారు.

మంచం పక్కన కూర్చుని మొదట నేనూ బుద్ధిగానే చెప్పాను. "మేష్టారిది వేరే జబ్బే. నీది కోసి కుట్టే జబ్బు. మా వెధవలు పద్ధతి తెలీక గుంపుగా వచ్చీసారు గాని, ఎవరూ నీ మీద ఆశ వదులుకోలేదు" అన్నాను. అది నా చెయ్యి పట్టుకుంది. "వరాలూ, నిన్ను జీవితంలో సాలా మాటలన్నాను. మనసులో పెట్టుకోకే. నువ్వు మంచిదానివి" అంది.

నాకు చచ్చేంత భయం వేసింది. ఆ మనిషి నోట నాకు మంచిమాటా!  వెంటనే, ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు, కోపం తన్నుకొచ్చింది.

"నోర్ముయ్" అన్నాను. "నేను మంచిదాన్నని ఇప్పుడు తెలిసిందా నీకు? ముసలిదానివి, మోకాళ్ళు అరిగినదానివి, ఆ మెట్లు ఎవడెక్కమన్నాడే నిన్ను? ఆ సుబ్రహ్మణ్యస్వామి నిన్ను పిలిచాడా? కింద నిలబడి దణ్ణం పెడితే పుచ్చుకోనంటాడా? పైగా ఆ పనికిమాలిన గుంపుతో వెళ్ళావు, వాళ్ళు నిన్ను గాలికొదిలేసి నీ జంతికలు తింటూ పోయారు. తిని ఎంతమందికి పళ్ళూడాయో. అవి జంతికలా, మేకులా? మా ఆయన పన్ను ఊడింది నీ జంతికలతోటే!"

రత్నం కళ్ళు పెద్దవయ్యాయి. నేను ఆగలేదు. వాళ్ళమ్మ వంట దగ్గర నుంచి దాని చీరల ఎంపిక దాకా, ఆఫీసులో అందరి మీదా చెలాయించిన పెత్తనం దగ్గర నుంచి మా అబ్బాయి పెళ్ళిలో పప్పు బాగాలేదని వియ్యాలవారి ముందు అన్న మాట దాకా, ఉన్నవీ లేనివీ అన్నీ ఎత్తి పోశాను. కేకలకి నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. "అలగ తిట్టకండమ్మా, జబ్బు మనిషి కదా" అంది.

"నువ్వుండమ్మా" అంది రత్నం. దిండు మీద నుంచి లేచి కూర్చుంది. "ఏటే, ఆ పప్పు బాగుందేటి? నీళ్ళల్లో కందులు ఈదులాడతన్నాయి! పెళ్ళిపప్పంట, పెళ్ళిపప్పు! మా అమ్మ వంట నీకు బాగోలేదేటి? గోడమీద నుంచి గిన్నె నాకినోళ్ళెవరే?"

"నాకింది నేను కాదు, మా పిల్లి."

"పిల్లికున్న మర్యాద నీకు లేదు." రొప్పుతోంది. నర్సమ్మ కంగారుగా మిషను వంక చూస్తోంది. రత్నం ఊపిరి తీసుకుని నా ముఖంలోకి చూసింది. "పోయే మనిషిని పట్టుకుని ఇన్ని మాటలంటావేటే? పాపం తగల్దా నీకు?"

"పోయే మనిషినైతే ఎందుకంటానే? నేను మన ఊళ్ళో పుట్టినదాన్ని కానా? నాకు పాపభయం లేదా?" అన్నాను.

అది తన చేతి మీద గుచ్చిన సూది వంక కాసేపు చూసుకుంది. మళ్ళీ నన్ను చూసింది. నేను కూడా తగ్గకుండా చూశాను, కళ్ళలో నీళ్ళు రాకుండా పళ్ళు బిగించి. మేష్టారు మా నాన్న ముఖంలోకి చూసినట్టే చూసింది. కాని ఆయనకి మా నాన్న ముఖంలో దొరికిన చివరిచూపు దీనికి నా ముఖంలో దొరకలేదు.

"ఆ డాక్టర్ని బేగి పిలువమ్మా, కొయ్యమను" అంది నర్సమ్మతో.

మర్నాడు పొద్దున్న చక్రాల మంచం మీద తీసుకెళుతుంటే పక్కనే నడిచాను. మిగతా ముగ్గురినీ ఆ చుట్టుపక్కలకి రానివ్వలేదు. నా గొంతులో ఏవేవో మాటలున్నాయి. చిన్నప్పటి నుంచి చెప్పనివి, ఒకవేళ అది తిరిగిరాకపోతే ఎన్నటికీ చెప్పలేనివి. ఒక్కటి జారినా చాలు, అది ఆ మంచం దిగిపోతుంది. "జుట్టు ఆ చింపిరి ఏంటే, డాక్టరు నిన్ను చూసి జడుసుకోడూ" అన్నాను. "కాళ్ళ పగుళ్ళు చూడు, బీడుభూమిలా. బేగి రా, నీ కోసం నేను మూడుపూటలా ఇక్కడి చప్పిడి నూడుల్సు తినలేను." తలుపులు మూసుకునేదాకా తిడుతూనే ఉన్నాను. మూసుకున్నాక గోడకి ఆనుకుని చంటిపిల్లలా ఏడ్చాను. నర్సమ్మ వచ్చి కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

రత్నం బతికింది. కోలుకుంది, ఇంటికొచ్చింది. మా అబ్బాయి ఫోన్లో ఫోటో పెట్టి "లవ్ అండ్ సపోర్ట్ గెలిచింది" అని రాసుకున్నాడు. లోకమంతా చప్పట్ల బొమ్మలు పంపింది. గెలిచిందేదో నాకు తెలుసు, రత్నానికి తెలుసు. చెప్పినా వాళ్ళకి బోధపడదు. మా కాలంలో మంచిమాట చావుకి ముందొచ్చేది. అది మాత్రం ఏం గొప్ప? మా నాన్న తన జీవితంలో మేష్టారితో అన్న ఒకే ఒక్క మంచిమాట ఆయన్ని గోడవైపు తిప్పేసింది. ఇప్పుడేమో అదే మంచిమాట రోజూ పొద్దున్నే శుభోదయంతో పాటు, పువ్వులతో, పావురాలతో వచ్చి పడుతోంది. పిసినారులకీ, దుబారా మనుషులకీ తేడా ఏముంది? ఇద్దరి దగ్గరా సమయానికి ఏమీ ఉండదు.

మొన్న రత్నం భోజనానికి వచ్చింది. నూనె తగ్గించి బీరకాయ కూరా, చారూ చేశాను. కంచం ముందు కూర్చుని కలుపుకుంటుంటే దాని మణికట్టు కనిపించింది, గాజు మోచేతి దాకా జారిపోతోంది. నా నోరు నా మాట వినలేదు. "చిక్కిపోయావే తల్లీ, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకో" అన్నాను.

దాని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. నా వంక చూసి "ఏటే, రిపోర్టులేటైనా వచ్చినాయేటి?" అంది.

"రిపోర్టులూ లేవు, నీ పిండాకూడూ లేదు. కూర చల్లారిపోతోంది, మింగు ముదనష్టపుదానా" అన్నాను.

అప్పుడు గాని ముద్ద నోట్లో పెట్టలేదు.